ఆరని బట్టీ

యుద్ధం రోజులు. పెట్రోలంతా పటాలానికే పోయేది. మార్కాపురం లాంటి ఊళ్ళలో కార్లూ బస్సులూ బొగ్గు తిని తిరిగేవి. బండి వెనక మనిషి నిలువు ఇనుప పీపా ఒకటి బిగించేవాళ్ళు. పై మూత తీసి బొగ్గు పోసి, కింద నిప్పు రాజేసి, పక్కనున్న చక్రం పావుగంట తిప్పితే గ్యాసు పుట్టేది. ఆ గ్యాసుతో ఇంజను దగ్గుతూ తుమ్ముతూ నడిచేది. ఊరంతటికీ బాడుగకు దొరికే కారు ఒక్కటే, అది బడే సాహెబ్‌ది. బాడుగకు షరతు కూడా ఒక్కటే. పీపా నిండుగా ఇస్తాడు, నిండుగానే తిరిగి అప్పజెప్పాలి.

ఆ షరతు విని రేషను ఇన్‌స్పెక్టరు ప్రకాశరావు మూతి విరిచాడు. ఆయనది కృష్ణా జిల్లా. బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆయనకు ఇక్కడ నచ్చింది ఒక్కటీ లేదు. నీళ్ళు ఉప్పన, జొన్నన్నం గరుకు, మనుషులు మోటు. ఊళ్ళో జనం గంజికి మొహం వాచి పుల్లల్లా ఎండిపోతుంటే, ఈ మహానుభావుడు మాత్రం పొట్ట మీద గుండీలు పట్టక రెండుసార్లు కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. వేలికి పెళ్ళినాటి పచ్చరాయి ఉంగరం ఉండేది. అది కండలోకి దిగబడిపోయి, సబ్బు పూసి లాగినా వచ్చేది కాదు. రేషను తూచే మనిషి తన ఒంటిని మాత్రం తూచుకోడని జనం చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఎదురుగా మాత్రం దండాలే పెట్టేవాళ్ళు.

"నేను తోలడానికి రాలేను సార్," అన్నాడు బడే సాహెబ్. "మా కూతురు షాహిదాకు నెలలు నిండినాయి. ముందు రెండు కాన్పులూ ఇంట్లోనే అయి బిడ్డలు దక్కలేదు. ఈసారి నొప్పులు రాంగానే కంభం ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. దీపాలు పెట్టేయాళకు బండి నా వాకిట్లో ఉండాల. పీపా నిండుగా ఉండాల. రాత్రిపూట నాకు బొగ్గు యాడ దొరుకుతాది?"

"నాకు తోలడం వచ్చులేవయ్యా. మీ ఊరి డొక్కు బండికి మళ్ళీ ఒక డ్రైవరు కూడానా?" అన్నాడు ప్రకాశరావు.

ఊళ్ళో పర్మిట్లన్నిటి మీదా సంతకం పెట్టేది ఆ చెయ్యే. బడే సాహెబ్ కాదనలేక తాళం ఇచ్చాడు.

గిద్దలూరులో పని అరగంట పట్టింది, భోజనం రెండు గంటలు పట్టింది. కోడికూరతో పొట్ట నింపుకుని తిరుగుదారి పట్టిన మనిషి, పీపా నింపడానికి కంభంలో కాశయ్య బొగ్గుల కొట్టు ముందు ఆగాడు.

"రెండు బస్సులు ముందొచ్చినాయి సార్. వాటికి పోసి మీకు పోస్తా. అరగంట కూర్చోండి," అన్నాడు కాశయ్య.

"బస్సుల వెనక నేను కాచుకోవాలా? బొగ్గమ్ముకునేవాడికి కూడా నోరు లేచింది!" అని ప్రకాశరావు విసురుగా కారెక్కాడు. చెరువు మీద అలిగి కడుక్కోకుండా లేచిపోయినవాడి సామెత ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

బేస్తవారిపేట దాటి నాలుగు మైళ్ళు పోయేసరికి కారు ఎగశ్వాస పెట్టింది. పొద్దు కొండ మీద వాలుతోంది. రోడ్డు పక్కన తుమ్మతోపులో మూడు మట్టిదిబ్బలు కనిపించాయి. బొగ్గు బట్టీలు. తుమ్మమొద్దులు పేర్చి, పైన మట్టి మెత్తి, లోపల నిప్పు పెట్టి గాలి ఆడకుండా రోజుల తరబడి మగ్గబెడితే బొగ్గవుతుంది. రెండు దిబ్బల నుంచి సన్నగా పొగ వస్తోంది. మూడోదానికి పొగ లేదు. దాని నెత్తిన రెండు పుల్లలు కట్టిన సిలువ గుచ్చి ఉంది. పక్కన ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"ఏయ్, బొగ్గు కావాలి. తొందరగా కానీ."

"లేదు సామీ. ఈ రెండూ ఇంకా కాలతా ఉండాయి. రేపు రాండి."

"ఆ మూడోది చల్లగానే ఉందిగా?"

ఆమె లేచి నిలబడింది. "అది బొగ్గు కాదు సామీ. నా మొగుడి సమాధి."

ఆమె పేరు మార్తమ్మ. నలభై రోజుల కిందట ఆమె భర్త యాకోబు ఆ బట్టీ మీదికెక్కి బీట పూడుస్తుంటే, కాళ్ళ కింద మట్టి పెళ్ళ విరిగింది. లోపలంతా నిప్పు. పాతిపెట్టడానికి కూడా ఏమీ చేతికి రాలేదు. పాస్టరు వరప్రసాదం వచ్చి ప్రార్థన చేసి, కన్నం మూయించి, సిలువ నాటి పోయాడు.

"మాలో ఒక పద్ధతుండాది సామీ," అంది మార్తమ్మ. "బట్టీ తీసే ముందు 'ఆరిందా?' అని అడుగుతాం. ముట్టించినోడు చెయ్యి పెట్టి చూసి 'ఆరింది, తియ్యి' అనాల. ఆ మాట అన్నోడిదే పూచీ. నిప్పు లేస్తే ముందు వాడి ఒళ్ళే కాలాల. దీన్ని ముట్టించినోడు లోపలే ఉండాడు. ఇంక ఎవురు చెప్తారు సామీ, ఆరిందని?"

ప్రకాశరావుకు నవ్వొచ్చింది. ఈ మెట్టనేలలో పంటలు పండవు కానీ కథలు మాత్రం ఏడాదికి మూడు కార్లు పండుతాయనుకున్నాడు. సిలువ పీకి పక్కన పడేశాడు. అక్కడున్న గునపం తీసుకుని, దిబ్బ మీదికి వంగి, చెవిటివాణ్ణి పలకరించినట్టు అరిచాడు.

"ఏం యాకోబూ! ఆరిందా?"

తోపులో గాలి కూడా లేదు. ఆయనే గొంతు మార్చి, ఆ ఊరి యాస పెట్టి, తానే జవాబు చెప్పాడు.

"ఆరింది సామీ, తియ్యి!"

మార్తమ్మ ఏడవలేదు, అడ్డం రాలేదు. చెవులు మూసుకుంది. కాసేపటికి కింద పడ్డ సిలువ తీసుకుని చెంగుతో తుడుచుకుంటూ, "ఎగతాళికి కూడా అనగూడదు సామీ ఆ మాట," అని మెల్లగా చెప్పింది.

బొగ్గు మేలైనది. నల్లగా నిగనిగలాడుతూ, ఒకదానికొకటి తగిలితే కంచులా మోగుతోంది. నాలుగు బుట్టలు తానే మోసి పీపా మూతిదాకా నింపాడు. బొగ్గులో ఇంకేమన్నా ఉందేమో ఆయన చూడలేదు. అడుగున ఒక ముక్క అరచేతికి గోరువెచ్చగా తగిలింది. నలభై రోజుల బట్టీలో వెచ్చదనమేమిటని ఒక్క క్షణం అనుకుని, ఎండకేలే అని సరిపెట్టుకున్నాడు.

కారు బయలుదేరింది. పొద్దుటినుంచీ దగ్గిన బండి ఇప్పుడు వెన్న రాసినట్టు నడుస్తోంది. దగ్గు లేదు, తుమ్ము లేదు. చూశారా, సమాధట సమాధి, అనుకుంటూ ఆయన ఈల కూడా వేశాడు.

తర్లుపాడు దాటేసరికి చీకటి పడింది. రోడ్డుకు అటూ ఇటూ కంపచెట్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు మొదలైంది వాసన. ముందు మట్టి కాలిన వాసన. తర్వాత బట్ట కాలిన వాసన. ఆ తర్వాత వెంట్రుకలు... వెనక పీపా మూత మీద చిన్న చప్పుడు. టక్. మళ్ళీ టక్. రాళ్ళరోడ్డు కదా, కుదుపుకు మూత ఊగుతోందనుకున్నాడు. కానీ చప్పుడు పైనుంచి కాదు. లోపలి నుంచి.

ఆయనకు చెమటలు పోశాయి. పొట్టలో ఏదో మంట. గిద్దలూరు కోడికూరను తిట్టుకున్నాడు. మంట పైకి పాకింది. గుండెల్లోకి... గొంతులోకి... కారు ఆపి దిగాడు. ఇంజను ఆగలేదు, మెత్తగా గురకపెడుతూనే ఉంది. పీపాలో నిప్పు మరీ ఎక్కువైందేమో చూద్దామని, జేబురుమాలు చుట్టుకుని చెయ్యి మూత మీద వేశాడు.

పీపా చల్లగా ఉంది.

రుమాలు తీసి ముట్టుకున్నాడు. కొత్తకుండలో నీళ్ళంత చల్లగా ఉంది. కింద నిప్పుగూడు తెరిచి చూశాడు. నల్లగా ఉంది. ఒక్క నిప్పురవ్వ లేదు. ఇంజను మాత్రం నడుస్తోంది.

"ఎవరు?" అన్నాడు. 

టక్.

"ఎవరు... లోపల?"

"ముట్టించినోణ్ణి," అంది పీపా. ఎండుటాకు నలిగినట్టున్న గుసగుస. "ఆరలేదు సామీ... ఆరిందని నువ్వే అన్నావు..."

ఆయన కారు ఎలా ఎక్కాడో, మార్కాపురం ఎలా చేరాడో ఆయనకే తెలియదు.

బడే సాహెబ్ వాకిట్లో లాంతర్లు, జనం. షాహిదాబీకి అప్పటికే నొప్పులు మొదలై గంటయింది. తల్లి కమ్రున్నీసా కూతుర్ని పొదివి పట్టుకుని గడపలో నిలబడి ఉంది. కారును చూసి ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అల్లా పంపినట్టే వచ్చినారయ్యా!"

బడే సాహెబ్ పీపా మూత ఎత్తి లాంతరు పట్టి చూశాడు. మూతిదాకా బొగ్గు. "మంచి బొగ్గే సార్. యాడ పట్టించినారు?"

ఒక్క మాట చాలు. ఈ బొగ్గు పారబోయండి, ఇది పీనుగుల బొగ్గు అంటే చాలు. వాకిట్లో చేరిన జనం ఇళ్ళ నుంచి తలా కాస్త కుంపటి బొగ్గు తెచ్చినా నాలుగు గంపలు పోగయ్యేది. కానీ చెబితే, సమాధి తవ్విన ఇన్‌స్పెక్టరని రేపు బళ్ళో పిల్లలు కూడా పాట కడతారు. తానింతకాలం చీదరించుకున్న ఈ మోటు జనం తననే చూసి నవ్వుతారు. షాహిదాబీ నొప్పికి పళ్ళబిగువున మూలుగుతూ కారెక్కుతోంది. ప్రకాశరావు ఆమెను చూశాడు. ఆమె పొట్టను చూశాడు. తర్వాత తన పరువును చూసుకున్నాడు. ఆ తూకంలో ఏది బరువైందో వేరే చెప్పాలా?

"కంభంలో, కాశయ్య దగ్గర. మేలురకం," అన్నాడు.

కారు వెళ్ళిపోయింది. దాని చప్పుడు సందు మలుపు తిరిగి వినపడకుండా పోయింది.

చప్పుడు పోయింది కానీ మంట పోలేదు. ఇంటికి పోయి పడుకున్నా పోలేదు. కుండెడు నీళ్ళు తాగాడు. తడిబట్ట పొట్ట మీద వేసుకుంటే అది నిమిషంలో ఎండిపోయింది. పొట్టలో ఎవరో నిప్పు ఎగదోస్తున్నట్టు మంట... కారుకు ఎగుడు వచ్చినప్పుడు పెరిగి, పల్లం వచ్చినప్పుడు తగ్గి... కంభం చేరేదాకా... అక్కడ కాసేపు ఆగి... మళ్ళీ మొదలు. తెల్లవారుజామున, సందు చివర కారు హారను వినపడ్డాక, ఒక్కసారిగా చల్లారింది.

బడే సాహెబ్ చక్కెర పొట్లం పట్టుకుని తలుపు తట్టాడు. "మనవడు సార్! తల్లీబిడ్డా బాగుండారు. కొంచెం ఆలస్యమైనా దక్కేవాడు కాదన్నారు. అంతా మీ బొగ్గు చలవ!"

ప్రకాశరావు ప్రాణం లేచి వచ్చింది. ప్రాణంతో పాటే పొగరూ లేచింది. దెయ్యమూ లేదు, దిబ్బా లేదు, ఈ ఊళ్ళో ఉంటే తనకూ పిచ్చి పట్టేట్టుంది అనుకున్నాడు.

"ఒక్క చిత్రం చూద్దురు రాండి," అని బడే సాహెబ్ ఆయన్ను కారు దగ్గరికి తీసుకుపోయి పీపా మూత ఎత్తాడు. నిన్న ఎంత ఉందో అంతే ఉంది. మూతిదాకా.

"పోను పాతిక మైళ్ళు, రాను పాతిక మైళ్ళు. ఒక్క గుప్పెడు తరగలేదు సార్. మరి దారంతా కాలిందేంది?"

ప్రకాశరావు పొట్లం అందుకోవడానికి చెయ్యి చాచాడు. పచ్చరాయి ఉంగరం వేలి మీంచి జారి, దుమ్ములో పడి దొర్లింది. దాన్ని తీసుకోబోయి వంగితే నడుము మీద పంచె నిలవలేదు.

"ఏంది సార్, రాత్రికి రాత్రే ఇట్ల చిక్కిపోయినారు? వైద్యుడికి చూపించుకోండి," అన్నాడు బడే సాహెబ్ జాలిగా. "నేను పోయొస్తా. పొద్దున కొమరోలుకు బాడుగ ఉండాది. సాయంత్రం గిద్దలూరు పెండ్లివాళ్ళు అడిగినారు. రేపు నంద్యాల. అల్లా దయ, ఇంక ఈ బండికి బొగ్గు ఖర్చే లేదు."

"వద్దు... తియ్యొద్దు బండి..." అని ప్రకాశరావు గుసగుసగా అన్నాడు.

బడే సాహెబ్‌కు ఆ మాట వినపడలేదు. ఆయన అప్పటికే కారు వెనక్కి పోయి చక్రం తిప్పుతున్నాడు.