పెట్రోలు బంకు కింద మట్టి

"ఎవరో నా కొంప ముంచారు, వెర్నా అక్కా!" అంటూ రోండా ఆ మంచులో తలకి గుడ్డైనా లేకుండా వచ్చిపడింది. నార్త్ డకోటాలో ఆ చుట్టుపక్కల ప్రైవేటు డిటెక్టివంటే వెర్నా స్ట్రాండ్ ఒక్కతే. ఆమె మాట వేదవాక్కనుకునే అసిస్టెంటు డ్యూయీ గబగబా వేడి కాఫీ పోసిచ్చాడు.

రోండా పాపం ఎన్నో ఏళ్ళుగా ఆర్విడ్ ముసలాయన పెట్రోలు బంకులోనే పనిచేస్తోంది. ఆయన పిల్లా జెల్లా లేని మనిషి, భార్యా పోయింది. బంకు ఆమెకే అమ్ముతానన్నాడు. ప్రభుత్వం పూచీ ఉంటే బ్యాంకు అప్పిస్తానంది. అయితే బంకుకి అప్పంటే, ట్యాంకు కారి నేల పాడైందేమోనని ముందు కింద మట్టి చూస్తారు. శరదృతువులో నేలలో దించిన పరీక్ష గొట్టంలో నీళ్ళు తేటగా ఉన్నాయి. మొన్న మంచు పడిన రోజు చివరిసారి తీస్తే డీజిలు తేలింది.

"శుక్రవారంలోగా సంగతి తేలకపోతే ఫైలు మూసేస్తారట," అని రోండా ముక్కు చీదింది.

బంకు ముందు మంచు మోకాలెత్తు పేరుకుపోయి ఉంది. వెర్నా కారు జారి, డ్యూయీకి ప్రాణం పోయినంత పనైంది. బ్యాంకు అమ్మాయి కెండ్రా గొట్టంలోంచి తీసిన నీళ్ళ సీసా ఎత్తి చూపించింది. నీళ్ళ మీద ఎర్రటి తెట్టు.

"ఎర్ర రంగు కలిపిన డీజిలు పొలాలకీ ట్రాక్టర్లకీ వాడేదిగా. మేం అమ్మనే అమ్మం," అంది రోండా.

"అంటే మీ ట్యాంకు కారలేదన్నమాట," అంది వెర్నా. గొట్టం మూత పగల్లేదు. దాన్ని విప్పే రెంచి బంకు లోపలి గోడకే వేలాడుతోంది.

ఆ బంకు మీద ఎప్పట్నుంచో కన్నేసిన పక్కూరి బోలాండర్ని అడిగితే విరుచుకుపడ్డాడు. "పాడైన నేలని నేను మాత్రం కొంటానా? నా బుర్రలో గుజ్జు లేదనుకున్నావా?"

ఆర్విడ్ మాత్రం కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"మంచు తొయ్యలేదేం, పెద్దాయనా?"

"ట్రాక్టరు చెడిందమ్మా."

"అమ్మేశాక ఏం చేస్తారు?"

"ఏడాది దాటాక నేనిక్కడ ఉండకూడదట. అప్పు కాగితాల్లో ఉంది."

డ్యూయీ వెళ్ళి ట్రాక్టరు తిప్పి చూశాడు. ఇంజను చక్కగా తిరుగుతోంది. ట్యాంకులోనే చుక్క లేదు.

శుక్రవారం అందర్నీ బంకులో కూర్చోబెట్టి వెర్నా నెమ్మదిగా మొదలెట్టింది. "ఎర్ర డీజిలు ఈ జిల్లాలో ప్రతి కొట్టంలోనూ ఉంటుంది. కానీ రెంచి ఇక్కడిది. బంకు తాళాలున్నది రోండా, ఆర్విడ్ల దగ్గరే. రోండా తన అప్పు తనే చెడగొట్టుకోదు. ఈ ముంగిట్లో తెల్లారేసరికి మంచు తోసి లేని రోజు లేదు. అలాంటిది, నమూనా తీసిన రోజే ట్రాక్టరు కదల్లేదు. చెడి కాదు, దాని డీజిలు గొట్టంలోకి పోయింది కాబట్టి. అవునా, ఆర్విడ్?"

ముసలాయన తల దించుకున్నాడు. "రోండాకి ఇవ్వాలనే ఉంది. కానీ నన్నిక్కడికి రానివ్వకపోతే నేనెక్కడికి పోవాలి? ఆ ఇంట్లో గోడలతో మాట్లాడనా?"

కెండ్రా అప్పు కాగితాలు తిరగేసింది. "పెద్దాయనా... అమ్మినవాళ్ళు ఏడాది దాటి ఇక్కడ పని చెయ్యకూడదనే ఆ షరతు. వచ్చి కూర్చోవద్దని ఎవరన్నారు? రోజూ రావచ్చు."

"రావచ్చా?" అన్నాడు ఆర్విడ్.

"ఒక్క మాట అడిగితే నీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా!" అని రోండా అరిచింది. తర్వాత కెండ్రా వైపు తిరిగింది. "అప్పు?"

కెండ్రా తల అడ్డంగా ఊపింది. నేల శుభ్రం చెయ్యాలి, అధికారులకి చెప్పాలి, అమ్మేవాడే మోసం చేశాక పూచీ ఎవరిస్తారు? బంకు మూతపడక తప్పదు.

"ఎలా పట్టుకున్నావక్కా!" అని డ్యూయీ మెల్లగా అన్నాడు. ఈ తెలివి ఎవరికి పనికొచ్చిందని వెర్నా అనుకుంది.

అందరూ లేచారు. ఆర్విడ్ వేళ్ళకి కోటు గుండీలు దొరకడం లేదు. రోండా కాసేపు చూసి, విసురుగా వచ్చి, ఒక్కో గుండీ మెడదాకా పెట్టింది.

"రేపు బంకు తీస్తావా, అమ్మాయ్?" అన్నాడు ఆర్విడ్.

"తియ్యను," అంది, కాలరు సర్దుతూ.