రెండు సీసాల పాలు

పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మాటలన్నీ రోహేంద్ర చెవుల మీదుగానే నడుస్తున్నాయి.

"మీ అమ్మగారి టీ చల్లారిపోతోందని చెప్పండి" అంది ప్రణీత, ఉడికించిన కసావా దుంపలు పళ్లెంలో పెడుతూ.

"నాకూ చెవులున్నాయని మీ ఆవిడతో చెప్పరా" అంది సుఖ్‌రాజీ, కోడలి ఎదురుగానే కూర్చుని.

"మీ ఇద్దరికీ దండం పెడతాను, నన్ను చెరుకు చేనుకి పోనివ్వండి" అంటూ రోహేంద్ర వానలోనే బయటపడ్డాడు.

పన్నెండు రోజుల కిందట ప్రణీత దొడ్డి గేటుకి గొళ్లెం పెట్టడం మరిచిపోయింది. ఊరకుక్కలు జొరబడి, అత్తగారు ప్రాణంగా పెంచుకున్న మేకను చంపేశాయి. అప్పటినుంచే ఇద్దరికీ మాటల్లేవు. మిగిలినవి పాలు తాగే దాని రెండు పిల్లలు. మోతీకి బెదురెక్కువ, పిలిస్తే గానీ రాదు. రాణి ఉత్త తిండిపోతు. ఎవరి అలికిడి విన్నా వంటింటి గుమ్మంలోకి వచ్చి అరిచేది. దాని తల్లిని పోగొట్టింది తనే కదా అని ప్రణీత ఎంత పనిలో ఉన్నా లేచేది. వెంటనే సీసా అందుకునేది.

ఈ ఉదయం గిన్నెలు తోమడం అయిపోయినా రాణి అరుపు వినబడలేదు. ప్రణీత దొడ్లోకి పరుగెత్తింది. అది పళ్లు నూరుతూ పడి ఉంది. ఎడమ పక్క కడుపు బిగుసుకుపోయి ఉంది.

"అత్తయ్యా, ఒకసారి రండి."

పన్నెండు రోజుల తర్వాత అదే మొదటి మాట. సుఖ్‌రాజీ తడుస్తూనే వచ్చి కూలబడింది. ప్రణీత రాకిరాకి పట్నంలో ఉన్న పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది.

"రోజుకి ఎన్ని సీసాలు పడుతున్నారమ్మా?"

"నాలుగండీ."

సుఖ్‌రాజీ తల దించుకుంది. "నేనూ నాలుగు పట్టాను" అంది.

"ఎనిమిది సీసాలా? అందుకే కడుపు ఉబ్బింది" అన్నాడు డాక్టరు. "పాలు ఆపేయండి. కాస్త వంటనూనె తాగించి, నిలబెట్టి కడుపు రుద్దండి. వంతెన మీద వరద నీళ్లు తీస్తే వస్తాను" అన్నాడు.

ఇద్దరూ వంతులవారీగా రుద్దారు. వాన తగ్గలేదు.

"నువ్వు పట్టవనుకున్నానే" అంది సుఖ్‌రాజీ.

"మీరు నా మొహమే చూడరు. ఇక మిమ్మల్ని అడిగేదెలా అత్తయ్యా?"

"అడిగినా చెప్పేదాన్ని కాదులే. అంత కోపంగా ఉండింది."

ఎంత రుద్దినా కడుపు మెత్తబడలేదు. మధ్యాహ్నానికి రాణి ప్రణీత ఒళ్లోనే మెడ వాల్చేసింది. అత్తగారు ఈసారి ఏమంటుందోనని ప్రణీత బిక్కచచ్చిపోయింది.

"గేటు నువ్వు మరిచావు. దీన్ని మాత్రం ఇద్దరం కలిసి చంపుకున్నాం" అంది సుఖ్‌రాజీ. కోడలి తలను దగ్గరికి తీసుకుని ఆవిడే ముందు ఏడ్చింది.

వెనకనుంచి మోతీ ఆకలితో అరిచింది. ఇద్దరి చేతులూ ఒకేసారి సీసా మీదికి వెళ్లాయి. సుఖ్‌రాజీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వే పట్టు. ఎంత పట్టావో నాకు చెప్పు."

ప్రణీత పాలు గోరువెచ్చగా కాచి తెచ్చి పట్టింది. మోతీ ఇంకా కావాలని తోక ఊపుతుంటే సీసా లాగేసి, కళ్లు తుడుచుకుంది.

"సగమే పట్టాను, అత్తయ్యా."