తడిసిన పాటల పుస్తకం

పసుపు బుట్టెత్తుకుని పడవెక్కినానే
పడవోడు నా పేరు అడిగినాడే
పేరు చెప్పనన్నాను, ఊరు చెప్పనన్నాను...

ఆ తరవాత ఏమిటో అచ్చాయమ్మకి గుర్తు లేదు. చిన్నప్పుడు జీడిపిక్కలు ఒలుస్తూ వాళ్ల వదిన బంగారమ్మ పాడేది. తీర్థంలో కొన్న పాటల పుస్తకంలోది ఆ పాట. పల్చటి అట్ట, నడుమ రెండు పిన్నులు. ఆఖరి చరణం దగ్గరికి రాగానే వదిన పాట ఆపేసి పుస్తకం బొడ్లో దోపుకునేది. "అక్షరాలు నేర్చుకోవే అమ్మాయ్, నువ్వే చదువుకుందువుగాని" అనేది.

వదిన పోయాక పుస్తకం అచ్చాయమ్మకి చేరింది. అక్షరాలు మాత్రం మనవలు పుట్టాకగాని చేరలేదు. గుణింతాలు ఇలా పట్టుబడ్డాయో లేదో, గోదావరి గట్టు దాటి ఊళ్లోకొచ్చింది. గ్రంథాలయాలతో పాటే అచ్చాయమ్మ ట్రంకు పెట్టె కూడా మునిగింది. పుస్తకం ఎండి, తునకతునకగా తప్ప విడిపోని ముద్దయింది.

ఇప్పుడు ఆ ముద్దని ఒళ్లో పెట్టుకుని డాక్టర్ నజీమా ల్యాబులో కూర్చుంది.

ల్యాబులో ఉన్న యంత్రం పేరు లోచూపు. మూసిన పుస్తకాన్ని మూసినట్టే చదువుతుంది. టెరాహెర్ట్జ్ కిరణాలు అట్టలోంచి దూరి, ఒక్కో కాగితం దగ్గరా ఆగి, సిరా ఎక్కడుందో, ఖాళీ ఎక్కడుందో చూసుకుని పోతాయి. వరదలో గడ్డకట్టిన పుస్తకాల కోసమే నజీమా దాన్ని తయారుచేసింది. ఒక్కటే లోపం. కిరణం తాకిన సిరా వెలిసిపోతుంది. చదవడం పూర్తయ్యేసరికి మిగిలేది తెల్లకాగితమే.

అందుకని గ్రంథాలయాల కమిటీవాళ్లు కాలికో గుడ్డతో బైండు చేసిన పెద్ద పెద్ద గ్రంథాలనీ, నిఘంటువులనీ అద్దాల బీరువాల్లో పెట్టి తాళాలేశారు. ప్రయోగాలకి పేపర్‌బ్యాకులు ఇచ్చారు. డిటెక్టివ్ నవలలు, వంటల పుస్తకాలు, జోకుల పుస్తకాలు, పోతే పోయాయి అని. అవేమో పోలేదు. యంత్రం చదివినవన్నీ ఊళ్లో అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి.

"ఆ బీరువాల్లో వేదాంతం ఏముందో ఎవరికీ తెలీదు మామ్మగారూ," అంది నజీమా టీ కప్పు అందిస్తూ. "డిటెక్టివ్ నవల్లో జమీందారుని బంగళాలో చంపిందెవరో మాత్రం పాలబ్బాయిని అడిగినా చెబుతాడు."

"ఎవరేంటి?"

"వంటవాడు."

"నేనూ వాణ్ణే అనుకున్నాను. మా మనవడు సగందాకా చదివి వినిపించాడులే." అచ్చాయమ్మ కప్పు పక్కన పెట్టి, పుస్తకాన్ని ముందుకు జరిపింది. "ఇక దీన్ని పెట్టు తల్లీ."

నజీమా ముట్టుకోలేదు. "ఇది ఒక్కటే కాపీ. రెండేళ్లు ఆగండి. సిరా పోకుండా చదివేలా చేస్తాను."

"రెండేళ్లకి సిరా ఉంటుంది సరే, నా కళ్లుంటాయా? ఒకటి అప్పుడే మసకేసింది."

"యంత్రం చదివి వినిపిస్తుందిగా."

"వినడానికైతే ఈ వయసులో పలక పట్టుకోవడం ఎందుకు? విని విని సగం పోగొట్టుకున్నాను. అక్షరాలు చూపించమను."

"తరవాత బాధపడతారు."

"చదివాక తెల్లబడితే పడనీ. చదవకుండా నల్లగా ఉంటే నాకెందుకది?"

నజీమా పుస్తకాన్ని ట్రేలో పెట్టి మూత వేసింది. యంత్రం సన్నగా రొద చేసింది. లోపల వెచ్చబడిన కాగితం వాసన గదంతా పాకింది. అచ్చాయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ తెర వంకే చూస్తోంది.

పాట వచ్చింది. అచ్చు అరిగిన అక్షరాలు, అక్కడక్కడా వంకర. అచ్చాయమ్మ లేచి, తెర మీద అక్షరాల కింద వేలు పెట్టి నడిపించింది. తెలిసిన చరణాలని కూడా వదలకుండా కూడబలుక్కుని చదివింది. ఒకచోట ఒత్తు దగ్గర ఆగిపోయింది. సాయం చేద్దామని నజీమా పెదవి కదిపితే, వద్దని చెయ్యెత్తింది. వేలు ఆఖరి చరణం చేరింది.

"నీళ్ల... మీద... రాశాను... చదువు... కోమన్నానే."

కాసేపు వేలు అక్కడే ఉంది. తరవాత నవ్వింది. "ఎంత పొగరమ్మా. పేరడిగితే నీళ్ల మీద రాసిందిట. అచ్చం మా వదినలాగే."

నజీమా మూత తీసింది. ఆ వేడికి ముద్ద విడిపోయింది. ఏ కాగితానికా కాగితం విడివిడిగా, తెల్లగా ఉంది. పిన్నుల దగ్గర తుప్పు మరక తప్ప ఏమీ లేదు.

"మంచి కాగితం మీద ప్రింటు తీసిస్తాను," అంది నజీమా మెల్లగా.

"ఎందుకు? దీని కాగితం దీనికుందిగా."

అచ్చాయమ్మ కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని, పుస్తకం మొదటి పేజీ తెరిచి, అరచేత్తో మడతలు సాపు చేసింది. కళ్లజోడు సర్దుకుంది. తెర మీద మొదటి చరణం వంక చూసి, మళ్లీ కాగితం వంక చూసింది.

నజీమా కోటు జేబులో చెయ్యి పెట్టి వెతికింది.

"పెన్నా, పెన్సిలా మామ్మగారూ?"