మూడో పీలిక

చలి ముదిరాక పెరట్లో సొరపాదు మళ్ళీ కాయడం ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. వానలు వెనకబట్టగానే అత్తగారు పోయారు. ఆవిడతోపాటే పాదు కూడా ఎండింది. ఇక దాని పని అయిపోయిందనుకుంటే, ఆ ఎండు తీగకే చిగురొచ్చి, పిందెలు దిగి, రోజుకో లేతకాయ చేతికొస్తోంది.

కోడలికి మాత్రం పొద్దున్నే వంటింటి కిటికీ తియ్యాలంటే భయం. పెరటి గోడ మీద ఎవరో వేలితో కొట్టినట్టు టక్ టక్ మని చప్పుడు. అత్తగారి పీట అక్కడే ఉంది. కోడలు అటు తప్ప పెరడంతా తిరుగుతుంది.

అత్తగారికో పద్ధతుండేది. విత్తనానికి ఉంచిన కాయ తొడిమకి గుడ్డ పీలిక కట్టేవారు. ఆ కాయ కొయ్యకూడదు, ఆ పాదు పీకకూడదు. కిందటి కాపులో కోడలు, గాలికొచ్చిన గుడ్డేదో చిక్కుకుందనుకుని తీసి పారేసి, కాయ కోసి కూర వండేసింది. అందరూ లొట్టలేసుకుని తిన్నాక సంగతి బయటపడింది. "మా అమ్మ ఇచ్చిన విత్తనం" అని అత్తగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. డబ్బా అడుగున మిగిలిన గింజలు నాటారు గానీ, కోడలితో మాటలు మానేశారు. ఆసుపత్రిలోనూ మొహం గోడవైపే. ఆ మౌనం ఇంకా ఇంట్లోనే తిరుగుతోంది.

కొడుకు వడ్రంగి. పాదు తీసేసి అక్కడ పనికి షెడ్డు వేసుకుంటానన్నాడు. వద్దనడానికి కోడలికి ఏ మొహం ఉంది? అందుకే ఎవరూ చూడకుండా పాత దిండు గలేబు చింపి, గుమ్మం పక్కన రెండు కాయలకి పీలికలు కట్టింది. కొడుకు బిత్తరపోయాడు. మామగారు ఒకసారి గోడవైపు చూసి, మళ్ళీ పేపర్లో తల దూర్చారు.

ఈ ఆదివారం కొడుకు గునపం పట్టుకుని నిలబడ్డాడు. పోయిన మనిషి వచ్చి పీలికలు కట్టదని, ఎవరి పనో తేలాలని పట్టుబట్టాడు.

"నేనే కట్టాను," అంది కోడలు. "రెండూ నేనే."

"రెండేమిటి? ఇక్కడ మూడున్నాయి."

గోడవైపు ఆకులు తప్పించి చూపించాడు. పీట వెనక ఒక కాయ పూర్తిగా ఎండిపోయి వేలాడుతోంది. తొడిమకి పూల గుడ్డ. కోడలు వంగి గుడ్డ పట్టి చూసింది. అది తన పాత నైటీ ముక్క.

మామగారు లేచి వచ్చారు. "అది మీ అత్త కట్టిందమ్మా. ఆసుపత్రికి బయల్దేరిన రోజు పొద్దున. అప్పుడు పిందె వేలెడంత లేదు. అమ్మాయి నైటీ ఎందుకు చింపుతున్నావంటే, 'దాని గుడ్డయితే అది గుర్తుపడుతుంది, ఈసారి కొయ్యదు' అంది."

"నాకు చెప్పలేదేం మామయ్యా?"

"'అదే వచ్చి చూసుకోవాలి, నువ్వు నోరు విప్పకు' అంది. మీ అత్త పంతం తెలుసుగా. నువ్వేమో ఇటు రావు."

కోడలు అత్తగారి పీట మీద కూలబడి భోరున ఏడ్చింది. కొడుకు గునపం గోడకి ఆనించి, షెడ్డు సంగతి తర్వాత చూద్దామన్నాడు. అంతలో గాలి వీచింది. ఎండుకాయ ఊగి గోడకి తగిలింది.

టక్. టక్.

ఇన్నాళ్ళూ తను కిటికీ మూసుకున్నది ఈ పిలుపుకే. కోడలు కాయని రెండు చేతులా పట్టుకుంది. లోపల గింజలు గలగలమన్నాయి.

"వచ్చాను అత్తయ్యా," అంది.