ఎడమ చెవిలో అచ్చమ్మ

మా మరిది హేమంత్ లాంటివాడు పగవాళ్ళకి కూడా వద్దు. బందరులో మా ఇంట్లో ఫ్యాన్ వెయ్యనివ్వడు, కుక్కర్ పెట్టనివ్వడు. "వదినా, రికార్డింగ్!" అంటాడు. పప్పు పలుకుగా తినడం మాకు అలవాటైపోయింది.

వీడు కూడా ప్రేమలో పడ్డాడు. కోడూరు దగ్గర చేపల వ్యాపారం చేసేవాళ్ళ అమ్మాయి, తేజస్విని. ఆమె మామ్మ అచ్చమ్మ వల లాగేటప్పటి పాటలు పాడుతుందని విని, మొన్న వేసవిలో మైకులు మోసుకెళ్ళాడు. తోడు నేను.

"రెండు మైకులెందుకండీ? ఒకటి చెడిపోతుందనా?" అంది తేజస్విని.

"చెవులు రెండు కదండీ! మైకులు రెండూ ఒకేచోట పెట్టి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తిప్పుతాం. వింటే ఎడమ పక్క మామ్మగారు, కుడి పక్క మీరు కూర్చున్నట్టే ఉంటుంది."

"మరి మీరు?"

"మధ్యలో."

"మా ఇద్దరి మధ్యా మీకేం పనండీ?"

అచ్చమ్మ పగలబడి నవ్వింది. ఆ తర్వాత ఆవిడ పాట ఎత్తుకుంది, మనవరాలు అందుకుంది. మావాడి చూపులు చూడలేక నేను పక్కనున్న చేపల చెరువు కేసి తిరిగి కూర్చున్నాను.

పెళ్ళికి మా ఇంట్లో నేను ఒప్పించాను, వాళ్ళింట్లో అచ్చమ్మ ఒప్పించింది. తాంబూలాలు అనుకుంటుండగా ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

"ఆ పాటలు తీసుకురా హేమంత్. మామ్మ గొంతు ఇంకెక్కడా లేదు. తనకి వినిపించాలి," అని తేజస్విని ఫోన్ చేసింది.

ఇద్దరం బస్సెక్కాం. వానలో తడిసి చేరాం. తేజస్విని హెడ్‌ఫోన్లు మామ్మకి పెట్టింది. ఆవిడ కాసేపు విని, పని చేసే చేత్తో ఎడమ చెవి తట్టుకుని, మనవరాలి కేసి చూసింది.

తేజస్విని అవి తీసి తన చెవులకి పెట్టుకుంది.

"మొదటి చరణం దాటాక రెండు చెవుల్లోనూ నేనే ఉన్నాను. మామ్మ ఏదీ?"

"గాలి... ఆ రోజు సముద్రపు గాలి ఎక్కువ."

"గాలి నన్నొదిలేసి మామ్మనే ఎత్తుకుపోయిందా?"

"ఆవిడ పాడుతూ వెనక్కి జరిగారు తేజా."

అచ్చమ్మకి వినబడింది. తప్పు చేసిన పిల్లలా తల దించుకుంది.

ఆ తల చూసి వీడు మంచం పక్కన కూలబడ్డాడు.

"మీరు జరగలేదు మామ్మగారూ. తప్పు నాదే. తను పాట అందుకోగానే మైకుల స్టాండు మొత్తం తన వైపు తిప్పేశాను. ఇంటికెళ్ళి రోజూ విన్నాను. మీరు లేరని నాకు అప్పుడే తెలుసు."