అద్దం ఉన్న కెమెరా

అప్పలనర్సయ్య మూడో పెట్టె మూత ఎత్తి, శవం భుజం పక్కన కొలబద్ద పెట్టి, అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాను కంటికి ఆనించాడు. వ్యూఫైండర్‌లోని చిన్న తెర వెలిగింది. కంప్యూటరే నడిపే మరణపట్టికకు సాక్ష్యచిత్రాలు తీసే ఉద్యోగంలో అతనికిది పద్నాలుగో ఏడు.

తెరలో మనిషి నిద్రపోతున్నట్టున్నాడు. పెదవులు మామూలుగానే ఉన్నాయి. అంచున ‘సహజ మరణం’ అన్న అక్షరాలు పడ్డాయి.

కెమెరా దించి చూశాడు. అదే మనిషి పెదవులు నీలంగా కమిలి ఉన్నాయి. అరచేతుల తోలు ఊడిపోయింది.

శవాలుంచే చీకటి షెడ్లలో రంగులు తప్పుగా పడకూడదని మూడేళ్ల క్రితం కొత్త కెమెరాల్లో వాటిని తానే సరిచేసే ‘సమవర్ణి’ ప్రోగ్రాం ఎక్కించారు. అప్పటినుంచి ఫొటోల్లో ఏ శవానికీ గాయం లేదు. ఆ మనుషులు దిగి పనిచేసిన రసాయనాల ట్యాంకు షెడ్లు ఒక్కరోజు కూడా మూతపడలేదు.

గుమ్మం దగ్గర చనిపోయినతని భార్య నూకాలు నిలబడి ఉంది.

“ఆ ట్యాంకులోకి దిగీటప్పుడు బాగానే ఉన్నాడు బాబూ. గుండాగిపోనాదని రాసెస్తారేటి?”

అతను సంచిలోంచి లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా తీశాడు. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో, సీసీటీవీలో చూస్తున్న పర్యవేక్షకురాలు వసుంధర గొంతు పలికింది.

“నర్సయ్యా, పాత కెమెరాలన్నీ ఇవాళ్టితో రద్దు. దాన్ని సాయంత్రం ఆరుకల్లా అప్పజెప్పాలి. మళ్లీ బయటకి తీశావెందుకు?”

“దీంతో తీసిన ఫొటో ఆరుదాకా చెల్లుతాది గదండీ.”

“చెల్లుతుంది. బరువు, ఆలస్యం, మసక వెలుతుర్లో సరిగా పట్టదు. కొత్తదానికేం తక్కువ?”

“కొత్తదాన్లో నేను తెరని చూత్తన్నానండీ. దీన్లో అద్దంమీంచి మనిషే కనపడతన్నాడు.”

అతను మీట నొక్కాడు. లోపలి అద్దం టప్పున పైకి లేచి, క్షణం చీకటి చేసి, దిగింది. ఆ ఫొటోలో నీలం నీలంగానే ఉంది. రెండు ఫొటోలనూ పట్టికకు పంపాడు.

పట్టిక ఆగింది. ఒకే దేహానికి రెండు చిత్రాలు పొసగడం లేదనీ, ఏది నిలుస్తుందో తీసినవారే తేల్చాలనీ అడిగింది. కింద ఇంకో వాక్యం ఉంది. ఏ చిత్రాన్ని తోసిపుచ్చితే ఆ రకం కెమెరాతో ఎక్కడ తీసిన చిత్రాలైనా తిరిగి విచారించేదాకా చెల్లవు.

“ఆలోచించుకో,” అంది వసుంధర. ఆమె గొంతు తగ్గింది. “కొత్త కెమెరా చిత్రాల్లో నువ్వు సంతకం చేసినవి నూట పన్నెండు.”

అతనికి అవి ముఖాలుగా గుర్తున్నాయి. పోయిన నెల ఒకే ట్యాంకులో పోయిన అన్నదమ్ములను పక్కపక్కనే పడుకోబెట్టి తీశాడు. తెరలో ఇద్దరూ నిద్రపోతున్నట్టే ఉన్నారు. సంతకం చేసి భోజనానికి వెళ్లాడు.

“తెలుసండీ,” అని, అద్దం ఉన్న కెమెరా చిత్రాన్ని నిలిపాడు.

ఆ ఊళ్లోనే కాదు, తీరం పొడుగునా ఉన్న ముప్పై ఎనిమిది మరణ నమోదు కేంద్రాల్లో మరణపత్రాలు ఆగిపోయాయి. పత్రం లేనిదే శ్మశానం గేటు తెరుచుకోదు. సాయంత్రానికి కేంద్రం ముందు పదకొండు పెట్టెలు వరసగా నిలిచాయి. వాటి పక్కన కూర్చున్నవాళ్లు తనవైపు చూసే చూపును అతను తప్పించుకోలేదు. కేంద్రంలోకి వెళ్లే అతని ప్రవేశపత్రం అప్పటికే రద్దయింది.

నూకాలు భర్త పెట్టెకు ఆనుకుని కూర్చుని ఉంది.

“మరి మా ఆయన్నెప్పుడిస్తారు బాబూ?”

“తెలీదమ్మా. మళ్లీ చూస్తారు. రోజులు పట్టొచ్చు.”

ఆమె కొంగుతో పెట్టెమీది దుమ్ము తుడిచి, కాస్త జరిగి అతనికి చోటిచ్చింది.