పాత కస్టమర్‌కి డిస్కౌంట్ లేదు

"వేరే కంపెనీది వాడేవాళ్ళకి సగం ధరా? ఆరేళ్ళుగా మీ మ్యూజిక్ సాఫ్ట్‌వేరే వాడుతున్న నాకు మాత్రం పూర్తి ధరా?"

ఆ గొంతుకి సంగీత పరికరాల దుకాణంలో గోడకి వేలాడుతున్న గిటార్లు కూడా ఉలిక్కిపడి ఉంటాయి. ప్రకటనలకి ట్యూన్లు కట్టే ఆ అమ్మాయి కళ్ళలో నిప్పులు, చేతిలో తడిసిన గొడుగు. కౌంటర్ దగ్గరి అబ్బాయి గొడుగు కింద బకెట్ జరిపాడు.

"నేను చేసింది కాదండీ. అమ్ముతానంతే."

"అమ్మడానికి సిగ్గనిపించదా?"

"అనిపిస్తుంది. అందుకే ధర చెప్పేటప్పుడు తల వంచుకుంటాను."

ఆమెకి నవ్వు రాలేదు. ఎన్నో ఏళ్ళకి మొదటి సినిమా దొరికింది, పిల్లల కార్టూన్. శనివారానికి పాట ఇవ్వాలి. దర్శకుడు పంపిన ఫైళ్ళు కొత్త వెర్షన్‌లో తప్ప తెరుచుకోవు. పూర్తి ధర పెట్టే స్తోమత లేదు.

"ఒక దారుంది," అన్నాడతను. "మీరు ఇక్కడ కొన్న చిన్న కీబోర్డు డబ్బాలో వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ కార్డు ఉచితంగా వచ్చింది. అది రిజిస్టర్ చేస్తే చాలు, మీకూ సగం ధరే. రూల్స్‌లోనే ఉంది."

"అంటే ఆరేళ్ళు నమ్ముకున్న మనిషికి విలువ లేదు, అటక మీది అట్టముక్కకి ఉంది! బాగుంది న్యాయం!"

మర్నాడూ వానే. గొడుగేసుకుని వచ్చి కార్డు ఇచ్చింది. సగం ధరకే పని జరిగింది. కోపం మాత్రం పూర్తిగా అలాగే ఉంది.

"కంపెనీకి కంప్లైంట్ రాస్తాను. అడ్రస్ ఇవ్వండి."

"ఈ ఆఫర్ వచ్చినప్పుడే, మూడు నెలల కిందటే నేను రాశానండీ," అంటూ సొరుగులోంచి కాగితం తీశాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి, "వద్దులెండి," అని వెనక్కి తీసుకోబోయాడు. ఆమె లాక్కుంది.

'మా దగ్గర ఒక పాత కస్టమర్ ఉన్నారు. మీ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకోటి ముట్టరు. ఏ హెడ్‌ఫోన్ పెట్టుకున్నా కళ్ళు మూసుకుని కూనిరాగం తీస్తారు. వారొచ్చిన రోజు ఇంకేమీ అమ్ముడుపోకపోయినా నాకు దిగులుండదు. అలాంటి మనిషి దగ్గర పూర్తి ధర అడగడం అన్యాయం.'

కింద కంపెనీ జవాబు: 'ధర మార్చలేము. మిగతా సంగతి ఆ కస్టమర్‌కే చెప్పగలరు.'

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ముక్కూమొహం తెలియని కంపెనీకి చెప్పారు. ఎదురుగా ఉన్న నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"కోప్పడతారని..."

"పడతాను! ఎన్నాళ్ళుగా ఇది?"

"మీరు కీబోర్డు కొన్నప్పటినుంచి. రెండేళ్ళు."

ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"అయితే మీరూ పాత కస్టమరే. పాతవాళ్ళకి డిస్కౌంట్ లేదన్నారుగా? కాఫీలూ షికార్లూ అంటూ సగం ధర బేరాలు నా దగ్గర కుదరవు. ఆదివారం ఇంటికొచ్చి మా అమ్మని పిల్లనడగండి."

గిర్రున తిరిగి వానలోకి నడిచింది.

"ఏమండీ, గొడుగు!"

"ఆదివారం తెండి!"